అమ్మే చెయ్యి, ఆపే చెయ్యి

వారాంతం రాత్రుల్లో హైదరాబాద్ రోడ్ల మీద బారికేడ్లు పెట్టి డ్రైవర్ల చేత ఊదించిన ప్రతిసారీ, జరిమానాలు పెంచుతున్నామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఒకే మాట వినబడుతుంది. వైన్‌షాపుకు లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వమే, పక్కన కూర్చుని తాగడానికి పర్మిట్ రూమ్ పెట్టుకోనిచ్చిందీ ప్రభుత్వమే, తాగి బయటికొస్తే మలుపులో కాచుకుని పట్టుకునేదీ ప్రభుత్వమే. ఇదంతా ఖజానా నింపుకునే ఎత్తుగడే తప్ప జనం ప్రాణాల మీద ప్రేమ కాదు అంటారు. ఈ మాటను తాగినవాళ్ల సాకుగా కొట్టిపారేయడం తేలికే గానీ న్యాయం కాదు. తెలుగు నేల మీద మద్యానికీ సర్కారుకూ ఉన్న సంబంధం ఎరిగినవాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. అయితే ఆ అనుమానం గురి తప్పిందని నా వాదన. ప్రభుత్వ ఉద్దేశం ఏమిటో తెలియాలంటే అది దేన్ని వదులుకోవడానికి సిద్ధపడిందో, దేన్ని వదులుకోలేక పెనుగులాడిందో చూడాలి. గత తొంభై ఏళ్ల చరిత్రను ఈ కొలతతో చూస్తే, ఊదించే పోలీసు దగ్గర కంటే దుకాణం ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారి దగ్గరే మనం గట్టిగా అడగవలసింది ఎక్కువ ఉంది.

నిజాం రాజ్యంలో ఆబ్కారీ గుత్తలు ఖజానాకు పెద్ద ఆదరువు. కల్లు మీదా ఇప్పసారా మీదా వచ్చే సొమ్ము లేకుండా అక్కడి రాబడి లెక్క కుదిరేది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అంతే. ఆ సొమ్మును కావాలని వదులుకున్న మొదటి ప్రభుత్వం రాజాజీది. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకు దాన్ని విస్తరించారు. పోయిన ఆదాయాన్ని భర్తీ చేసుకోవడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను తెచ్చారు. దేశంలో అలాంటి పన్ను అదే మొదటిది. రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేశాక, యుద్ధకాలంలో గవర్నరు పాలన మద్యనిషేధాన్ని ఎత్తేసింది. అమ్మకపు పన్నును మాత్రం ఉంచుకుంది. సర్కారు ఒకసారి అలవాటు పడ్డ రాబడిని వదలదన్న జనం నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో ఇక్కడే కొంత అర్థమవుతుంది. స్వాతంత్ర్యం తరువాత 1948లో మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం మళ్లీ వచ్చింది. దాన్ని వారసత్వంగా పొందిన ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ చిక్కులోనే కూలింది. నిషేధం ఎత్తేయమని ఎస్.వి. రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. గీత కార్మికుల బతుకుతెరువు కోసం గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. ప్రభుత్వం ఎటూ తేల్చలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. రాష్ట్రం పుట్టి పదమూడు నెలలు గడిచాయో లేదో మద్యం ఒక ప్రభుత్వాన్ని పడగొట్టింది.

ఆ తరువాతి కథ ఇప్పటి పెద్దలకు గుర్తున్నదే. 1960ల చివరికి నిషేధం నీరుగారింది. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను పాలిథీన్ ప్యాకెట్లలో నింపి పల్లెలకు పంపింది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే ప్యాకెట్టు ఊరి నడిమికి చేరేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం నుంచి ధైర్యం తెచ్చుకుని సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ల ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి తెచ్చారు. రెండేళ్లు నిండిన కొద్దికాలానికే, 1997లో, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దొంగసారాయి, పొరుగు రాష్ట్రాల సరుకు, ఖాళీ ఖజానా అనే కారణాలు చూపి నిషేధాన్ని సడలించింది. ఆ కారణాలు అబద్ధాలు కావు. అయినా దూబగుంట ఆడవాళ్ల గెలుపును చివరికి తూచింది రాబడి తక్కెడే అన్న చేదు మిగిలింది. డ్రంకెన్ డ్రైవ్ చట్టాల మీద ఇవాళ కనబడే అపనమ్మకానికి వేరు ఇక్కడే ఉంది.

ఇక చట్టం సంగతి. 1939 నాటి మోటారు వాహనాల చట్టం తాగి నడపడాన్ని నేరమంది గానీ, వాహనాన్ని సరిగ్గా అదుపు చేయలేనంతగా తాగి ఉండాలని షరతు పెట్టింది. అదుపు తప్పిందని ఎలా రుజువు చేస్తారు? నోరు వాసన కొట్టింది, నడక తడబడింది, మాట ముద్దగా వచ్చింది, కంటిపాపలు పెద్దవయ్యాయి అని డాక్టరు రాసిచ్చేవాడు. 1971లో బచూభాయ్ హసన్‌అలీ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి పైపై గుర్తులు చాలవని, రక్తమో మూత్రమో పరీక్షించకుండా తాగాడని తేల్చలేమని చెప్పింది. తరువాత చట్టం అటు చివర నుంచి ఇటు చివరకు వచ్చింది. 1988 చట్టంలోని 185వ సెక్షన్ మొదటి రూపం ప్రకారం రక్తంలో ఎంత స్వల్పమైనా సరే ఆల్కహాల్ ఉంటే నేరమే. కాగితం మీద అంతకన్నా కఠినమైన చట్టం ఉండదు. రోడ్డు మీద మాత్రం దాని జాడ కనబడలేదు. కొలిచే యంత్రాలు లేవు, కొలవాలన్న పట్టుదలా లేదు. 1994 సవరణ ఆ సున్నాను తీసేసి, నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములన్న హద్దు పెట్టి, దాన్ని బ్రీత్ అనలైజర్‌తో ముడిపెట్టింది. అంటే మనం కఠినమనుకుంటున్న ఈ 30, అంతకుముందున్న సున్నాను సడలిస్తే వచ్చిన అంకె. హద్దు సడలినా కొలత వచ్చింది కాబట్టి చట్టానికి ప్రాణం వచ్చింది. ఈ చర్చలో చాలామందికి తట్టని విషయం ఇది.

హద్దు ఎంత అన్నదానికంటే దొరికిపోతామన్న భయం ఎంత అన్నదే ప్రాణాలు కాపాడుతుందని బ్రిటన్ ఏనాడో చూసింది. అక్కడ 1967 అక్టోబరులో 80 మిల్లీగ్రాముల హద్దుతో రోడ్డు భద్రతా చట్టం అమలులోకి వచ్చింది. తెచ్చింది రవాణా మంత్రి బార్బరా కాజిల్. కారు నడపడం రాని ఆడమనిషికి మా డ్రైవింగ్ సంగతి ఏం తెలుసన్నారు. పబ్బుల యజమానులు తమ బతుకులు బజారున పడతాయన్నారు. పౌర హక్కులకు గొడ్డలిపెట్టు అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరినైనా ఆపి పరీక్షించే అధికారం మొదటి ముసాయిదాలో ఉండేది, ఆ ఒత్తిడికి అది పోయింది. అయినా మొదటి ఏడాది రోడ్డు మరణాలు వెయ్యికి పైగా తగ్గాయి. ఆ తరువాత కొన్నేళ్లకు ఫలితం పలచబడింది. పట్టుబడే అవకాశం నిజానికి ఎంత తక్కువో జనం కనిపెట్టేశారని లారెన్స్ రాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో లెక్కలు కట్టి చూపాడు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో అనుమానంతో పని లేకుండా అందరినీ ఆపి పెద్ద ఎత్తున ఊదించడం మొదలుపెట్టింది. అక్కడ మరణాలు గట్టిగా తగ్గాయి, తగ్గుదల నిలిచింది. ఇక స్కాట్లాండ్ 2014 డిసెంబరులో హద్దును 80 నుంచి 50కి దించింది. ప్రమాదాలు తగ్గలేదని 2018లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంకె దిగింది గానీ రోడ్డు మీద తనిఖీలు ఆ మేరకు పెరగలేదు. కఠినమైన హద్దుల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఇది మింగుడుపడని ఫలితమే. దాన్ని దాచి వాదించకూడదు. నా వాదనకు మాత్రం అది అడ్డు రాదు. హద్దు దించినంత మాత్రాన ప్రభుత్వానికి ప్రాణాల మీద ప్రేమ ఉందనీ చెప్పలేం, డబ్బు మీద ఆశ ఉందనీ చెప్పలేం.

హైదరాబాద్‌లో 2011 చివర్లో ట్రాఫిక్ పోలీసులు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలను వరసగా చేపట్టారు. పద్ధతి నగరవాసులకు తెలిసిందే. బండి పక్కకు తీయించి, యంత్రానికి కొత్త గొట్టం తగిలించి గట్టిగా ఊదమంటారు. తెర మీద అంకె పడుతుంది, చీటీ బయటికొస్తుంది. అంకె 30 దాటితే బండి పోలీసుల దగ్గర ఆగిపోతుంది. తరువాత గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ శిక్షణ కేంద్రానికి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రావాలి, ఆపైన కోర్టు. భార్య పక్కనో తండ్రి పక్కనో కూర్చుని, తాగి నడిపితే ఏం జరుగుతుందో తెర మీద చూడాల్సి రావడం చాలామందికి జరిమానా కంటే బరువైన శిక్ష. ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. చట్టంలోని 203వ సెక్షన్ ఊదించడానికి ముందు సహేతుకమైన అనుమానం ఉండాలంటుంది. రోడ్డంతా మూసి వరసబెట్టి అందరినీ ఊదించడం ఆ మాటకు ఎంతవరకు సరిపోతుందన్నది న్యాయమైన ప్రశ్న. బండ్లను పట్టుకుని అట్టిపెట్టుకునే అధికారం పోలీసులకు లేదని, వెంట తాగని మనిషి ఉంటే అతని చేత నడిపించాలని, లేకపోతే బంధువులను పిలిపించి అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది. మంచి తీర్పు అది. పోలీసు అధికారానికి హద్దు గీసింది, తనిఖీని మాత్రం తప్పుపట్టలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం, అసలు ఆరోపణ దాని మీదే కదా. 1988 చట్టంలో మొదటిసారి దొరికితే జరిమానా రెండు వేల రూపాయల లోపు. 2019 సెప్టెంబరు 1 నుంచి అది పది వేలు, రెండోసారైతే పదిహేను వేలు. జైలుశిక్ష కూడా ఉంది, మొదటిసారికి ఆరు నెలల దాకా, మరోసారికి రెండేళ్ల దాకా. హెల్మెట్ లేకపోతే వేసే చలానాలా రోడ్డు మీదే రాజీపడి కట్టేసుకునే నేరం కాదిది. 185వ సెక్షన్ కేసు కోర్టుకు పోవలసిందే. ఒక రాష్ట్రంలో ఏడాదికి లక్ష మంది పట్టుబడి, లక్ష మందీ పూర్తి జరిమానా కట్టారనుకున్నా వచ్చేది వంద కోట్లు. తెలంగాణలో మద్యం అమ్మకాల విలువ ఇటీవల ఏటా 30 వేల కోట్లు దాటుతోంది. అందులో సింహభాగం ఎక్సైజ్ సుంకంగా, వ్యాట్‌గా ఖజానాకే చేరుతుంది. 2023 ఆగస్టులో 2,620 దుకాణాల కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు కట్టాల్సి వచ్చింది, దుకాణం రాకపోయినా ఆ సొమ్ము తిరిగిరాదు. దరఖాస్తు రుసుము రూపంలోనే 2,600 కోట్ల పైచిలుకు వచ్చిపడింది. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో మిగిలిన సొంత పన్నుల్లో పెట్రోలు, మద్యం ముఖ్యమైనవి. ఇంత రాబడి మీద కూర్చున్న ప్రభుత్వానికి జరిమానాల డబ్బు మీదే ఆశ ఉంటే ఆ లెక్క ఏ రకంగానూ పొసగదు. శనివారం రాత్రి గట్టి తనిఖీ ఉందంటే బార్లకు వచ్చేవాళ్లు తగ్గుతారు, ఖజానా ఆ మేరకు నష్టపోతుంది. డబ్బే ఉద్దేశమైతే తనిఖీలు సడలాలి గానీ గట్టిపడకూడదు.

అసలు ఉద్దేశం బయటపడిన చోటు వేరే ఉంది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, తమిళనాడు నుంచి వచ్చిన కె. బాలు కేసులో, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని తీర్పు చెప్పింది. రహదారి పక్కన దుకాణాలు వద్దని కేంద్రమే 2004 నుంచి రాష్ట్రాలకు చెబుతూ వచ్చినా వినేవాడు లేకపోయాడని ఆ తీర్పులో కనిపిస్తుంది. ఆ తరువాత నాలుగైదు నెలలు రాష్ట్ర ప్రభుత్వాలు నడిచిన తీరు గుర్తుపెట్టుకోదగ్గది. గడువు కోరుతూ, దూరం తగ్గించమంటూ కోర్టు మెట్లెక్కాయి. 2017 మార్చి 31న కోర్టు 20 వేల లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థల పరిధిలో దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విన్నపాల మీద, అప్పటికే ఇచ్చిన లైసెన్సులను వాటి గడువు తీరేదాకా, అంటే గరిష్ఠంగా సెప్టెంబరు 30 దాకా నడవనిచ్చింది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, చండీగఢ్‌లలో ఇంకొక దారి తొక్కారు. ఊళ్ల గుండా పోయే రాష్ట్ర రహదారుల హోదా తీసేసి, వాటికి జిల్లా రోడ్లని పేరు మార్చారు. రోడ్డు కదల్లేదు, దాని మీద పోయే లారీలు మారలేదు, దుకాణం అక్కడే ఉంది, కాగితం మీద మాత్రం రహదారి మాయమైంది. ఆ జూలైలో సుప్రీంకోర్టే మునిసిపాలిటీల పరిధిలోని దుకాణాలకు తన ఉత్తర్వు వర్తించదని స్పష్టం చేసింది. హోటళ్లలో, బార్లలో పనిచేసేవాళ్ల ఉపాధి పోతుందన్న వాదనలో నిజం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఒక ప్రభుత్వం తాగి నడిపేవాళ్ల వల్ల పోయే ప్రాణాలను ఎంతగా పట్టించుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. డ్రైవర్ జేబులోంచి పది వేలు తీసుకోవడానికి వెనకాడని ప్రభుత్వం, తన జేబులోంచి పోతుందనేసరికి రోడ్డు పేరునే మార్చింది.

దీని మీద మూడు అభ్యంతరాలు గట్టిగా వినబడతాయి. 30 అన్నది మరీ తక్కువ, ఇంగ్లండులో ఇప్పటికీ 80 ఉంది కదా అంటారు. మన రోడ్ల మీద తిరిగే బండ్లు ఇంగ్లండులో తిరిగేవి కావు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. రెండు చక్రాల మీద నిలవడానికి కావలసిన సమతూకాన్ని కొద్దిపాటి మద్యం కూడా చెడగొడుతుంది. కారు చుట్టూ ఉన్న ఇనుము మోటారు సైకిలు చుట్టూ ఉండదు. జపాన్ కూడా 2002లో ఇంచుమించు ఈ హద్దుకే దిగింది. రెండో అభ్యంతరం అంకెలను ఆసరా చేసుకుంటుంది. ప్రభుత్వ నివేదికల్లోనే మద్యం వల్ల జరిగిన మరణాలు రెండు మూడు శాతం, అతివేగం వల్ల డెబ్బై శాతం చుట్టూ ఉంటే ఈ హడావిడి దేనికని. ఈ అంకెలు ఎలా పుడతాయో చూడాలి. ప్రమాదం జరిగాక ఎఫ్ఐఆర్‌లో కారణం రాసేది స్టేషన్ పోలీసు. అతివేగం, నిర్లక్ష్యం అని రాయడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. తాగి ఉన్నాడని రాయాలంటే రక్తం తీయించాలి, ల్యాబుకు పంపాలి, నివేదిక కోసం ఎదురుచూడాలి. గాయపడ్డవాడిని ముందు ఆసుపత్రికి చేర్చే తొందరలో, చనిపోయినవాడి కుటుంబానికి బీమా రాదేమోనన్న జాలిలో ఆ పరీక్ష జారిపోతుంది. తాగినవాడు వేగంగా నడిపి చస్తే వేగం పద్దులో పడతాడు. కాబట్టి ఆ రెండు శాతాన్ని మద్యం పాత్రకు కొలతగా తీసుకోలేం. మూడోది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది. ఈ తనిఖీలకు ఎక్కువగా దొరికేది బైకుల మీద, ఆటోల్లో పోయేవాళ్లు, డ్రైవరున్న పెద్దింటివాళ్లు తప్పించుకుంటారు అంటారు. ఇది చాలావరకు నిజం. డ్రైవరును పెట్టుకున్నవాడు తాగి నడపడం లేదు కాబట్టి అందులో నేరం లేదు. అయితే అర్ధరాత్రి పర్మిట్ రూమ్ మూసే వేళకు సిటీ బస్సు ఉండదు, మెట్రో ఆగిపోతుంది. చేతిలో కూలి డబ్బున్న మనిషికి బండి తప్ప వేరే దారి లేకుండా చేసి, ఆ బండి దగ్గరే అతన్ని ఆపడం అన్యాయం అనిపిస్తుంది. దీనికి మందు తనిఖీ ఆపడం కాదు. ఏ దుకాణానికి లైసెన్సిచ్చినా, అక్కడ తాగినవాడు ఇంటికి ఎలా చేరతాడన్న ప్రశ్నకు లైసెన్సిచ్చేవాడే జవాబు చెప్పుకోవాలి.

అమ్మేవాడి బాధ్యతను మన చట్టం ఇప్పటికీ తేలిగ్గానే చూస్తోంది. 2016 జూలై 1న పంజాగుట్టలో తాగిన విద్యార్థుల కారు అదుపు తప్పి డివైడర్ దాటి ఎగిరి మరో కారు మీద పడినప్పుడు తొమ్మిదేళ్ల పాప, ఆ పాప కుటుంబంలో మరో ఇద్దరు చనిపోయారు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదన్న నిబంధన పుస్తకంలో ఉండగానే ఆ కుర్రాళ్లకు బార్‌లో మద్యం దొరికింది. నడిపినవాడి మీద కేసు పెట్టడానికి యంత్రం, అంకె, చీటీ అన్నీ ఉన్నాయి. అమ్మినవాడిని పట్టుకోవడానికి అలాంటిదేదీ లేదు. పల్లెల్లో ఇది ఇంకా ఘోరం. లైసెన్సు లేని బెల్టు షాపుల నుంచి చీకట్లో బండెక్కి పోయే మనిషిని ఆపే పోలీసూ లేడు, ఆ బెల్టు షాపుకు సరుకెక్కడ నుంచి వచ్చిందని అడిగే ఎక్సైజ్ అధికారీ అరుదు. లైసెన్సున్న దుకాణం అమ్మకం లక్ష్యం నెరవేరాలంటే సరుకు ఊళ్లలోకి వెళ్లాల్సిందేనన్నది అందరికీ తెలిసిన రహస్యం.

కాబట్టి పౌరులు అడగవలసినది ఇది. ప్రమాదంలో చనిపోయిన ప్రతి డ్రైవరు రక్తాన్నీ పరీక్షించాలి, బతికి బయటపడినవాళ్లకైతే చట్టం చెప్పిన గడువులోనే ఆ పని చేయాలి. ఆ ఫలితాలను జిల్లాల వారీగా, దగ్గరలోని దుకాణాల పేర్లతో సహా ప్రచురించాలి. తనిఖీలు నగరంలో వారాంతాలకే పరిమితం కాకుండా సూర్యాపేట, ఒంగోలు, జడ్చర్ల దగ్గరి హైవేల మీద వారం మధ్యలోనూ జరగాలి. అందరినీ ఆపే అధికారం కావాలనుకుంటే ప్రభుత్వం దాన్ని సర్క్యులర్లతో కాకుండా శాసనసభలోనో పార్లమెంటులోనో అడిగి తెచ్చుకోవాలి. ఒక మలుపులో తాగినవాళ్ల ప్రమాదాలు పదేపదే జరుగుతున్నాయని తేలితే, తరువాతి కేటాయింపులో ఆ మలుపు దగ్గరి దుకాణం జాబితాలో ఉండకూడదు. దుకాణాల కేటాయింపు రెండేళ్లకోసారి వస్తుంది, జాబితా కలెక్టర్ల దగ్గర తయారవుతుంది. అభ్యంతరం చెప్పదలచినవాళ్లు ఆ జాబితా బయటికి రాకముందే వెళ్లి చెప్పాలి.